గొలుసు బలము, నేల పట్టు

గౌతమీ వసిష్ఠల నడుమ, కొత్తపేటకు చేరువనున్న పలివెల గ్రామము ఉమాకొప్పేశ్వరస్వామి క్షేత్రముగా యాత్రికులకు సుపరిచితము. ఐనను కాలువనీటి వరిచేలతోను, దట్టమైన కొబ్బరితోటలతోను నిండిన ఆ సీమలో రైతును రాత్రివేళ కలతపెట్టు విషయము వేరొకటి కలదు. దమ్ముకాలమున ఇనుపచక్రములు తొడిగిన ట్రాక్టరును ప్రతి సాయంకాలము ఇంటికి తోలుకొని వచ్చుటకు వీలుకాదు. ఆ చక్రములతో ఎక్కినచో తారురోడ్డు ఛిద్రమగును. తోటలో దున్నుచున్న పవరు టిల్లరును బోదెలన్నియు దాటించి ఇంటికి చేర్చి, తెల్లవారుజామున మరల వానినే దాటించుటకంటె, అక్కడనే ఒక చెట్టు మొదట నిలిపి, గొలుసు చుట్టి, తాళముకప్ప బిగించి వచ్చుటయే సుకరమని అతడు తలచును. లక్షల విలువగల యంత్రమును కొన్ని వందల రూపాయల గొలుసునకు అప్పగించి నిద్రించుచున్నాడు గనుక, ఆ గొలుసు ఏమి చేయగలదో, ఎక్కడ ఓడిపోవునో శాస్త్రదృష్టితో విచారించుట ఆవశ్యకము.

గొలుసేల, తాళముచెవి తీసికొని వచ్చిన చాలదా యందురేమో. పెట్రోలు ఇంజనులో ఇంధనమును మండించునది విద్యుత్తు పుట్టించు నిప్పురవ్వ. తీగ తెంచినచో ఇంజను మూగవోవును. డీజిలు ఇంజను స్వభావము వేరు. సిలిండరులోని గాలి తన పరిమాణములో పదునారవ వంతుకో ఇరువదవ వంతుకో అణగద్రొక్కబడి, ఆ ఒత్తిడివలన పుట్టిన వేడికే అందు చిమ్మబడిన డీజిలు రగుల్కొనును. కావున హ్యాండిలు త్రిప్పి స్టార్టుచేయు పవరు టిల్లరునకు తాళముచెవితో నిమిత్తమే లేదు. పాత ట్రాక్టర్లకు స్విచ్చి తాళమున్నను, ఒక కంపెనీవారి బండ్లలో పెక్కింటికి ఒకే చెవి సరిపోవుట డ్రైవర్లెరిగినదే. టిల్లరు ఇంజనునుండి గేరుబాక్సునకు శక్తిని చేరవేయు వీ-బెల్టులను విప్పి ఇంటికి కొనిపోవుట మంచి అలవాటు. కాని యంత్రమును బల్లచెక్కల మీదుగా చిన్న వ్యానులోనికి తోసికొనిపోదలచిన వానికి బెల్టు ఉన్ననేమి, లేకున్ననేమి? ఇక మిగిలిన రక్ష గొలుసే.

గొలుసును తెంపు సాధనములలో మిక్కిలి చులకనగా దొరకునది బోల్టు కట్టరు. మూడడుగుల పిడులుగల ఆ కత్తెరలో రెండు జతల తులాదండములు ఒకదానివెనుక నొకటి పనిచేసి, చేతిబలమును అనేక రెట్లు హెచ్చించి దవడలకు అందించును. అది 50 రెట్లనుకొందము. గాలిలో వ్రేలాడు గొలుసును పట్టి, రెండు చేతులతో పిడులను దగ్గరకు నొక్కు మనుజుడు 35 కిలోల బలము చూపినచో, దవడల నడుమ 1,750 కిలోల ఒత్తిడి కలుగును. పది మిల్లీమీటర్ల లావుగల మెత్తని ఇనుపకమ్మిని తెగగోయుటకు సుమారు 2,400 కిలోలు కావలెను గనుక ఆ ప్రయత్నము విఫలమగును. అదే గొలుసు నేలమీద పడియున్నదనుకొనుడు. అప్పుడు ఒక పిడిని నేలకు ఆనించి, రెండవ పిడిపై తన 70 కిలోల శరీరభారమంతయు మోపును. దవడల మధ్య 3,500 కిలోలు! కమ్మి తెగును. గొలుసు మారలేదు, కత్తెర మారలేదు, దొంగ మారలేదు. మారినదల్లా గొలుసు ఉన్నచోటే. కమ్మి లావు 16 మిల్లీమీటర్లైనచో దాని కోత వైశాల్యము రెండున్నర రెట్లు పెరిగి, తెగుటకు ఆరువేల కిలోలకు పైబడిన బలము కావలసియుండును. అట్టి గొలుసు మీటరునకు ఐదారు కిలోలు తూగును. ఆ బరువు మోయుట కష్టమే, ఐనను మోయదగిన కష్టమని నా నిశ్చయము.

లావు ఒక్కటియే చాలదు. లోహగుణము కూడ చూడవలెను. కొలిమిలో ఎర్రగా కాల్చిన కొడవలిని నీట ముంచి కమ్మరి పదను ఎక్కించునప్పుడు, ఉక్కులో కరిగియున్న కర్బనము బయటపడుటకు వ్యవధిలేక చిక్కుకొని, ఇనుప పరమాణువుల అమరికను వికృతపరచి, దానిని కఠినము చేయును. మూసలలో కర్బనమును ఇనుమునకు పట్టించి, డమాస్కసు ఖడ్గములకు పేరుపడిన ఉక్కును వండిన నిజామాబాదు సీమలోని కోనసముద్రపు పనివారు ఈ కర్బన మహిమను అనుభవమున ఎరిగినవారు. కాని కాఠిన్యముతోపాటు పెళుసుదనమును వచ్చును. మిక్కిలి కఠినమైన గొలుసు కత్తెరకు లొంగకున్నను సమ్మెటదెబ్బకు చిట్లవచ్చును. అందువలన మేలిరకపు గొలుసులలో పైపొరకు మాత్రమే కర్బనము పట్టించి గట్టిచేసి, లోపలి గర్భమును సాగుడుగుణముతో నుండనిత్తురు. పైపొర కట్టరు దవడను పెళ్ళగించును, లోపలి భాగము దెబ్బను సహించును. పశువులను కట్టు గొలుసులోను, బావిచేద గొలుసులోను ఈ గుణము లేదు.

తాళముకప్పను గూర్చి విస్తరింప నవసరము లేదు. 1851లో లండను మహాప్రదర్శన సందర్భమున అమెరికా దేశస్థుడగు హాబ్సు, అజేయమని పేరుపొందిన బ్రామా తాళమును తెరచుటకు 51 గంటలు శ్రమించెను. తోటలో దొంగకు అంత ఓర్పు లేదు; అతడు తాళమును తెరవడు, తెంపును. 1897లో బొంబాయిలో ఆరంభమైన గోద్రెజ్ తాళమైనను, అలీగఢ్ తాళమైనను, దాని వంపుకమ్మి గొలుసుకంటె సన్నమైనచో గొలుసు లావు వ్యర్థమే.

బ్యాటరీతో నడచు చేతి గ్రైండరు మాత్రము వేరు జాతి. నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగు దాని పలుచని చక్రములోని అల్యూమినియం ఆక్సైడు రేణువులు ఏ ఉక్కుకంటెను కఠినములు. దానికి తెగని గొలుసు లేదు. లావు గొలుసు కడియము విడివడుటకు రెండు కోతలు కావలెను గనుక కొంత కాలము మాత్రము పట్టును. ఆ వేళలో అది చేయు రొదయే, ఆ రొద వినువారు చేరువనుండుటయే మనకు రక్ష. కావున వీలైనంతవరకు యంత్రమును మకాముకడ, మనుష్య సంచారమున్న తావున నిలుపవలెను.

గొలుసును దేనికి కట్టవలెను? చక్రమునకు కట్టినచో దొంగ చక్రము బోల్టులు విప్పి, చక్రమును గొలుసును మనకు వదలి, తాను తెచ్చుకొన్న చక్రముతో యంత్రమును కొనిపోవచ్చును. ఇంజను క్రింది చాసిసు చట్రములోనుండి దూర్చవలెను. రెండవ కొన కొబ్బరిచెట్టునకు కట్టుట కోనసీమ అలవాటు. ఇది నాకు బాధ కలిగించు అలవాటు. కొబ్బరి కాండమున మామిడివలె గాయమును పూడ్చు పెరుగుదల పొర లేదు. గొలుసు ఒరసిన గంటు చెట్టు బ్రతికినంత కాలము మానదు, అట్టి గంట్లే ఎర్రముక్కు పురుగునకు ద్వారములు. దానికి మారుగా రెండడుగుల ఘనమైన కాంక్రీటు దిమ్మను, లోపల లావైన ఇనుపకడ్డీ కొక్కెము పోసి, కడ్డీ కొన మాత్రమే పైకి కనబడునట్లు పాతవలెను. అట్టి దిమ్మ ఐదువందల కిలోలకు పైగా తూగును. ఐతే డెల్టాలో వర్షకాలమున నీరు నేల పైవరకు ఊరును. నీట మునిగిన దిమ్మ తాను తొలగించిన నీటి బరువు మేరకు తేలికయై, మూడువందల కిలోలవలె మాత్రమే ప్రవర్తించును. కావున అడుగుభాగము వెడల్పుగా పోసి, పైన మన్ను దిమ్మిసతో కొట్టించుట మేలు. పైమన్ను బరువు కూడ దానికి తోడగును.

ఇనుమునకు మరియొక శత్రువు ఈ సీమ తేమ. త్రుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె అధిక స్థలమాక్రమించి, తాళము లోపలి మీటలను బిగియించును. పలువురు కొబ్బరినూనె పోయుదురు. అది 24 డిగ్రీలకు దిగువ గడ్డకట్టును, దుమ్మును పట్టుకొనును. మాఘమాసపు వేకువ తాళము తిరుగకపోవుటకు అదియు ఒక హేతువు. కుట్టుమిషను నూనె వాడి, చెవిరంధ్రము క్రిందివైపునకు ఉండునట్లు కప్పను వ్రేలాడదీసి, ప్లాస్టిక్ తొడుగు వేయుడు.

ఇంతచేసినను యంత్రము పోవచ్చును. పోయినది దొరకినప్పుడు మీదియని నిరూపించునవి ఇంజనుపైనను చాసిసుపైనను కొట్టిన సంఖ్యలు. మట్టిని నూనెను తుడిచి వానిని చదివి, ఫోటో తీసి, ఇంటిలో ఒక కాగితముపై వ్రాసి పెట్టుకొనుడు. ఈ పని సార్వా దమ్ము మొదలగుటకు ముందే చేయుడు.