టైల్స్ వేసే ముందు దూలం చూడండి

విజయనగరం కోట చుట్టూ ఉన్న పాత వీధుల్లోనూ, బొబ్బిలి, సాలూరు, టెక్కలి, మందస లాంటి జమీందారీ ఊళ్లలోనూ మేడ మీద చెక్క నేల ఉన్న ఇళ్లు అక్కడక్కడా ఇంకా మిగిలాయి. గోడ నుంచి గోడకు దూలాలు, వాటి మీద పరిచిన పలకలు, నిటారుగా ఎక్కే చెక్క మెట్లు. అడుగేస్తే కిర్రుమంటుంది. ఊడిస్తే సందుల్లోంచి దుమ్ము కింద గదిలో భోజనం చేస్తున్నవాళ్ల కంచాల్లో రాలుతుంది. పెళ్లికో, అద్దెకో ఇల్లు బాగుచేయించాలనుకోగానే ఎవరో ఒకరు అనే మాట: "ఈ చెక్కలెందుకు బావూ, పైన టైల్స్ ఏసీండి!"

ఇబ్బంది నిజమే. పరిష్కారమే తప్పు. ఆ మాట విని చేతులారా పాడుచేసుకున్న మేడలు ఇప్పటికే చాలా ఉన్నాయి.

ముందు ఆ కలప సంగతి. ఇటు పార్వతీపురం కొండల నుంచి ఒడిశా దాకా పెరిగే గుగ్గిలం, మద్ది. అటు సముద్రం మీద వచ్చిన బర్మా టేకు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడలు ఆగే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వేలమంది కూలికి 'రంగం' వెళ్లారు. అదే రంగూన్. అక్కడ తెలుగువాళ్లను కొరంగీలనేవారు. మన మనుషుల్ని తీసుకెళ్లిన ఆ సముద్రం మీదుగానే టేకు ఇటు వచ్చింది. అప్పటి బర్మా, ఇప్పటి మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి టేకు దుంగల ఎగుమతిని నిషేధించింది. నెమ్మదిగా పెరిగిన అడవి చెట్టు కలపకు, ఇప్పుడు తోటల్లో తొందరగా పెంచి కోసిన టేకుకు పొంతన ఉండదు. మీ మేడ మీద పలక ఒకసారి పోయిందంటే అలాంటిది మళ్లీ రావడం కష్టం.

ఇక లెక్క. పన్నెండడుగుల చదరపు గది తీసుకోండి. రెండంగుళాల సిమెంటు మాలు, దానిపై టైల్ పరిస్తే చదరపు మీటరుకు దాదాపు 120 కిలోలు. గది మొత్తానికి 1,600 కిలోలు. అంటే 80 కిలోల ధాన్యం బస్తాలు ఇరవై ఆ గదిలో పరిచి, ఇక ఎప్పటికీ తీయకపోవడం! ఇంటి నేల మనుషులతో, సామానుతో కలిపి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మోయాలని మన నిర్మాణ ప్రమాణాలు లెక్కగడతాయి. అందులో సగానికి పైగా టైల్సే తినేస్తే, వందేళ్ల దూలానికి మిగిలేదెంత? పైగా చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. సిమెంటుకు ఆ గుణం లేదు. కొన్నాళ్లకు టైల్స్ మధ్య గీతలు విడతాయి. తుడిచిన నీళ్లు అందులోంచి దిగి పలకను చేరతాయి. చెక్కలో తేమ 20 శాతం దాటి చాలాకాలం నిలిచిందంటే బూజు పట్టి కుళ్లడం మొదలవుతుంది. అంటించిన ప్లాస్టిక్ షీటుదీ అదే కథ. తేలికే కానీ, చెక్కకు గాలి ఆడనివ్వదు.

కాబట్టి పలక పైకి ఎలా ఉందన్నది ఆఖరున చూసుకోవచ్చు. మొదట చూడాల్సింది దూలం గోడలోకి దూరిన చోటు. గోడ చెమ్మంతా అక్కడే చేరుతుంది. స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా పొడవండి. దిగకపోతే నిశ్చింత. వేలెడు దిగితే లోపల కుళ్లింది. సుత్తితో తట్టినప్పుడు కంగుమంటే కలప గట్టిది, బోలుగా పలికితే గుల్ల. గోడ వెంట మట్టి గీతలుంటే చెదలు. సన్నటి రంధ్రాల కింద పిండిలాంటి పొడి రాలితే పుచ్చు పురుగు. రెండింటికీ చేయించే వైద్యం వేరు.

పైకప్పు చూడకుండా నేల ముట్టుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకు, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకు పెంకులు లేచిపోయిన ఇళ్లలో మేడ నేలే నానింది. కారే కప్పు కింద పాలిష్ చేయించడం డబ్బులు పారబోయడమే.

దూలం చివర మాత్రమే పోతే దూలమంతా మార్చనక్కర్లేదు. కింద మోపులు పెట్టి, కుళ్లిన మేర కోసి, పక్కన జోడు దూలం బోల్టులతో బిగిస్తారు. లేదా గోడకు ఇనుప దన్ను ఇస్తారు. పలకల్లో పాడైనవాటిని తీసి, మంచం కిందో అల్మరా కిందో ఉన్న గట్టి పలకలను నడిచే చోటికి మార్చడం పాత వడ్రంగులకు తెలిసిన పద్ధతి. మెషిన్‌తో రుద్దించే ముందు మేకుల తలలన్నీ లోపలికి దించాలి. పాత రంగు ఉంటే అందులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దొద్దు, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు. తర్వాత అవిసె నూనె రెండు మూడు పూతలు. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. ఆరబెట్టి గానీ పారేయకూడదు. దూలాల అడుగుకు జీడిపిక్కల పెంకు నూనె మంచిది. పడవలకు, కలపకు పూయడం తీరంలో పాత అలవాటే. పలాస ఉన్న జిల్లాకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాకపోతే చర్మాన్ని కాలుస్తుంది, చేతికి తొడుగులు తప్పవు.

కప్పక తప్పని ఇళ్లూ ఉంటాయి. కింద అద్దెకున్నవాళ్లు అడుగుల చప్పుడు భరించలేకపోవచ్చు. పలకలు ఎప్పుడో నాసిరకం కలపతో మార్చేసి ఉండొచ్చు. అలాంటప్పుడు తిరిగి తీయగలిగేలా కప్పండి: స్క్రూలతో బిగించిన ప్లైవుడ్, దానిపై అంటించని చాప. దుమ్ము రాలకుండా కింద గదికి సీలింగు వేయించినా గోడ దగ్గర గాలికి దారి వదలాలి. చెక్క నేల మీద స్నానాలగది మాత్రం ఏ పద్ధతిలోనూ వద్దు.

పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఏరువాక లోపు ముగించుకోవాలి. మే నెల ఎండకు పలకల సందులు బాగా విచ్చుకుంటాయి. అవి చూసి మేస్త్రి లప్పం కుక్కేస్తానంటే ఒప్పుకోకండి. శ్రావణంలో పలకలు ఉబ్బి, చోటు లేక పైకి లేస్తాయి. మరీ వెడల్పైన సందులోనే సన్నటి చెక్క పట్టీ ఒక అంచుకు మాత్రం అతికించి, రెండో అంచు వదిలేయమనండి.