హోటలు మేడలో మహాసభ

మహాసభకు విశాలమైన మందిరము దొరకినచో చాలునని పలువురు నిర్వాహకులు తలంతురు. ఆ మందిరమునకు చేర్చు వాకిలియు, మెట్లును అంతకంటె ముఖ్యములని మా యభిప్రాయము.

1947 జూన్ 9వ తేదీన అఖిల భారత ముస్లిం లీగు కౌన్సిలు నూతన ఢిల్లీలోని ఇంపీరియల్ హోటలున సమావేశమయ్యెను. నాటి క్వీన్స్‌వే మీద, అనగా నేటి జనపథ్ మీద, 1936లో తెరువబడిన ఆ హోటలు విలాసమునకు పేరుగన్నదే కాని కోట కాదు. కౌన్సిలు దేశవిభజన ప్రణాళికను చర్చించుచుండగా, విభజనను సహింపని ఖాక్సారులు లోనికి చొరబడిరి. పోలీసులు బాష్పవాయువును ప్రయోగింపవలసి వచ్చెను. సభతో నే సంబంధమును లేక, గదికి అద్దె చెల్లించి బసచేసినవారి మాట యేమి? సభ మాత్రము ఆగలేదు. ప్రణాళిక మూలసూత్రములను రాజీగా అంగీకరించు అధికారమును జిన్నాకు ఒసగెను.

రాజకీయము నటుంచుదము. నేడు మన నగరముల నడిబొడ్డున నున్న పెద్ద హోటళ్లలో ఒక యంతస్తున వైద్యుల సదస్సు, మరియొక యంతస్తున పెండ్లి ఏకకాలమున జరుగుచున్నవి. బేరమాడునపుడు వంటకముల పట్టికను పంక్తిపంక్తియు చదువు నిర్వాహకులు, సభికులకు వేరు వాకిలి కలదా, అచ్చట కాపుండువారెవరు అని యడుగగా మేము వినుట మిక్కిలి యరుదు.