వాడుకరి అనుభవ పరిశోధన

ఒక వస్తువును, యంత్రాన్ని లేదా సేవను వాడే వ్యక్తికి కలిగే స్పందనను, ఎదురయ్యే ఇబ్బందులను క్రమపద్ధతిలో తెలుసుకొనే ప్రక్రియను వాడుకరి అనుభవ పరిశోధన అంటారు. రూపకల్పనకు ముందు అవసరాలను గుర్తించడానికి, తరువాత ఫలితాన్ని మూల్యాంకనం చేయడానికి ఇది ఉపయోగపడుతుంది. "యూజర్ ఎక్స్‌పీరియన్స్" అనే మాట 1990వ దశకంలో ఆపిల్ సంస్థలో పనిచేసిన డోనాల్డ్ నార్మన్ వలన ప్రచారంలోకి వచ్చింది.

పద్ధతులు

* పరిశీలన: వాడుకరి సహజంగా పని చేసుకొనే చోటనే అతనిని గమనించడం. జనం చెప్పేదానికి, చేసేదానికి గల తేడా ఇందులో తెలుస్తుంది.
* ముఖాముఖి: కారణాలను, అలవాట్లను వాడుకరి మాటలలోనే తెలుసుకోవడం.
* వాడుక పరీక్ష: కొద్దిమందికి ఒక పని అప్పగించి ఎక్కడ తడబడుతున్నారో చూడడం. 5 మందితో దాదాపు 85% లోపాలు బయటపడతాయని జాకబ్ నీల్సన్ 2000లో వ్రాశాడు. ఒక్కొక్కరి వలన సగటున 31% లోపాలు తెలుస్తాయన్న అంచనా దీనికి ఆధారం. వాడుకరులు భిన్న వర్గాలకు చెందినవారైతే ఈ సంఖ్య సరిపోదు.
* ప్రశ్నావళి: ఎక్కువమంది అభిప్రాయాలను అంకెలలో కొలవడం. జాన్ బ్రూక్ 1986లో 10 వాక్యాలతో రూపొందించిన సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ ఇందుకు ఉదాహరణ.

శంషాబాదు విమానాశ్రయం

శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమైంది. ఎయిర్‌పోర్ట్స్ కౌన్సిల్ ఇంటర్నేషనల్ నిర్వహించే ఎయిర్‌పోర్ట్ సర్వీస్ క్వాలిటీ సర్వేలో 2016 సంవత్సరానికి ఇది ప్రథమస్థానం పొందింది. ఏటా 50 లక్షల నుండి 1.5 కోట్ల మంది ప్రయాణించే విమానాశ్రయాల విభాగంలో ఈ స్థానం లభించింది. ఈ సర్వేలో విమానం ఎక్కబోయే ప్రయాణికులు చెక్-ఇన్, భద్రతా తనిఖీ, మరుగుదొడ్ల శుభ్రత వంటి అంశాలకు 1 నుండి 5 వరకు మార్కులు వేస్తారు. విమానాశ్రయాలను పోల్చడానికి ఈ మార్కులు పనికివస్తాయి. అయితే ఏ సూచికబోర్డు వలన ప్రయాణికుడు దారి తప్పాడో తెలియాలంటే పరిశీలన అవసరం.

2019 జూలైలో ఇక్కడ ముఖ గుర్తింపు విధానాన్ని, స్వచ్ఛందంగా నమోదు చేసుకున్న ప్రయాణికులతో పరీక్షించారు. ఇటువంటి పరీక్షలో యంత్రం పనితీరు తెలుస్తుంది గాని, ముందుకు రానివారి సందేహాలు తెలియవు.

పరిమితులు

కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్ళే కార్మికులు కూడా ఈ విమానాశ్రయాన్ని వాడతారు. 10వ తరగతి పూర్తిచేయనివారు ఉద్యోగం కొరకు ఆ దేశాలకు వెళ్ళాలంటే సాధారణంగా ముందుగా ఎమిగ్రేషన్ అనుమతి పొందాలి. అందువలన వారి ప్రయాణంలో ఇతరులకు లేని ఒక తనిఖీ అదనంగా ఉంటుంది. చదివి నింపవలసిన ప్రశ్నావళిని మాత్రమే వాడినచో చదువురానివారు లెక్కలోనికి రారు. సగటు మార్కు ఎక్కువగా ఉన్నా వారి ఇబ్బంది అందులో కనిపించదు. కావున వారిని తెలుగులో మౌఖికంగా ప్రశ్నించడం, ప్రవేశద్వారం నుండి వారి వెంట నడిచి పరిశీలించడం అవసరం. సమాధానం చెప్పకపోయినా ప్రయాణానికి ఆటంకం ఉండదని ముందే తెలియజేసి, వారి అంగీకారం తీసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం
* శంషాబాదు