ఇప్పటి కోరికకు నిన్నటి క్రియ

‘ఐ వాంటెడ్ టు ఆస్క్ యూ సంథింగ్’ అంటూ ఒకాయన మీ బల్ల దగ్గరికి వచ్చాడనుకోండి. అడగాలన్న కోరిక నిన్నటితో తీరిపోలేదు, ఇప్పుడే అడగబోతున్నాడు. మరి వర్తమానంలో ‘వాంట్’ అనొచ్చుగా?

ఇంగ్లిష్ భూతకాల రూపానికి కాలంతో సంబంధం లేని పనులు కూడా ఉన్నాయి. ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ’ అనేవాడు గతం చెప్పడం లేదు, ఇప్పుడు జేబులో డబ్బు లేదంటున్నాడు. ఆ రూపం చూపేది దూరం. జరిగిపోయినది కాలంలో దూరం, లేనిది వాస్తవానికి దూరం, అభ్యర్థనలో మనిషికీ మనిషికీ మధ్య దూరం. భాషావేత్త సుజాన్ ఫ్లైష్‌మన్ 1989లో ఒక వ్యాసంలో ఈ సంగతినే వివరంగా చర్చించారు.

దూరం మర్యాద ఎలా అయింది? ఏదైనా అడగడమంటే ఎదుటివారి స్వేచ్ఛలో కొంత జోక్యం చేసుకోవడమేనని మర్యాదపై పరిశోధించిన పెనెలోప్ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అంటారు. ‘ఐ వాంట్’ అన్నాక కాదంటే ముఖం మీద కొట్టినట్టుంటుంది. ‘వాంటెడ్’ అంటే అది అప్పుడెప్పుడో కలిగిన కోరికలా వినిపిస్తుంది. కాదనడం సులువు, అడిగినవాడికి వెనక్కి తగ్గడమూ సులువే. ‘ఐ వజ్ వండరింగ్’ ఇంకో అడుగు వెనక నిలబడుతుంది: ఆలోచన ఇంకా తెగలేదన్న సూచన అందులో ఉంది.

‘కుడ్’, ‘వుడ్’ కూడా పుట్టుకతో ‘కెన్’, ‘విల్’ల భూతకాల రూపాలే. అయితే ‘కుడ్ యూ హెల్ప్ మీ?’ అని అడిగితే ‘యెస్, ఐ కెన్’ అనాలి. ‘ఐ కుడ్’ అంటే చేయొచ్చేమో, చూద్దాం అన్నట్టుంటుంది.

మనకిది కొత్తేమీ కాదు. ‘ఒక మాట అడుగుదామని వచ్చానండీ’ అని గుమ్మంలో నిలబడి అనేవాళ్లం మనమే. ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి మాత్రం ఆ నేర్పు మరిచి, ‘ఐ వాంట్ టూ డేస్ లీవ్’ అని రాసి ముందొక ‘కైండ్లీ’ తగిలిస్తాం. ఆజ్ఞకు ‘ప్లీజ్’ చేర్చినా వాక్యం ఆజ్ఞే.

అలాగని అన్నిచోట్లా వెనక్కి జరగక్కర్లేదు. ఇల్లు అంటుకుంటే ‘ఐ వజ్ వండరింగ్’ అనేవాడుండడు. ప్రాణ స్నేహితుడితో అలా అంటే కోపం వచ్చిందేమో అనుకుంటాడు. రోజువారీ ఆఫీసు మెయిల్‌కు ‘కుడ్ యూ’ చాలు, సెలవు అడగడానికి ‘ఐ వుడ్ లైక్’ సరిపోతుంది. ‘ఐ వజ్ వండరింగ్’ను నిజంగా పెద్ద సాయం అడిగేటప్పటికి దాచుకోండి.