వాము అమ్మే ముందు సేరు వాము ఇంట్లో ఉంచుకోండి

సంక్రాంతి దాటినాక కర్నూలు మార్కెట్ యార్డులోకి పోతే వాము కుప్పలు యాడున్నాయో ఎవరినీ అడగాల్సిన పని లేదు. ముక్కే దారి చూపిస్తుంది. పత్తికొండ, దేవనకొండ, కోడుమూరు వైపు నల్లరేగళ్లలో పండిన వాము అక్కడికి వస్తుంది. తొలకరి మోసం చేసి, వేయాల్సిన పంట వేయలేకపోయిన ఏడాది ఆగస్టు, సెప్టెంబరు పదునుకు ఇంత వాము చల్లుకుని ఒడ్డున పడ్డ రైతులు మనలో తక్కువేమీ లేరు. పండించేది మనమే. కానీ కళ్లంలోనే మూటలు కట్టి బండికెత్తేస్తాం. కడుపు ఉబ్బితే, జలుబు చేస్తే మళ్లీ అంగడికి పోయి అదే ఘాటును సీసాలో కొంటాం.

అందుకే రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా, ఈ వారం వాము సాగు గురించి కాదు, వాము మందుగుణం గురించి చెప్పుకుందాం. అది ఎందుకు పనిచేస్తుందో, ఎంతవరకు పనిచేస్తుందో రెండూ తెలియాలి. రెండోది తెలియక ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్లు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు.

ఘాటు యాడిది?

వాము, ధనియాలు, జీలకర్ర, సోంపు అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. పూత చూడండి, అన్నిటికీ గొడుగు మాదిరే ఉంటుంది. సంస్కృతంలో వామును యవాని అన్నారు. తమిళులకు ఓమం, మన సీమలోనూ కొందరు ఓమ అనే అంటారు. గింజ లోపల సన్నటి గొట్టాల్లో నూనె ఉంటుంది. ఇది వేరుశనగ నూనె మాదిరి జిడ్డు నూనె కాదు, గాలికి ఆవిరైపోయే నూనె. క్వింటాలు వామును కచ్చాపచ్చాగా దంచి, ఆవిరి పట్టి బట్టీ దించితే రెండు నుంచి నాలుగు కిలోల నూనె వస్తుంది. ఆ నూనెలో దాదాపు సగం థైమాల్ అనే పదార్థం. చల్లబరిస్తే పటికబెల్లం మాదిరి పలుకులు కడుతుంది. పచారీ అంగళ్లలో 'వాము పువ్వు' అని అమ్మేది ఇదే. పేరులో పువ్వు ఉందని మోసపోవద్దు, అది చేలో పూసిన పువ్వు కాదు.

థైమాల్ సూక్ష్మజీవులను చంపుతుంది, బిగుసుకున్న పేగుల కండరాన్ని సడలిస్తుంది. కడుపులో గాలి కదిలి బయటికి పోవడం, నొప్పి తగ్గడం ఇందువల్లే. పట్నం అంగళ్లలో రోజ్‌మేరీ, థైమ్ అని చలిదేశపు ఆకులు ఖరీదుకు అమ్ముతుంటారు. థైమాల్ అనే పేరు ఆ థైమ్ ఆకు నుంచే వచ్చింది. 1719లో జర్మనీ రసాయనవేత్త ఒకాయన దాన్ని మొదట ఆ ఆకు నూనెలోనే పట్టుకున్నాడు. తర్వాత చూస్తే అదే సరుకు మన వాములో దండిగా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, అంటే 1914 దాకా, మన దేశపు వాము ఓడల్లో జర్మనీకి పోయేది. అక్కడ థైమాల్ తీసి ప్రపంచానికంతా అమ్ముకునేవారు. యుద్ధం వచ్చి ఆ దారి మూతపడినాక ఇక్కడే పెద్ద ఎత్తున థైమాల్ తీయడం మొదలుపెట్టారు. ముడిసరుకు మనది, లాభం ఇంకొకరిది అనే కథ పత్తితోనే ఆగలేదన్నమాట.

ఆ కాలంలో థైమాల్‌కు అంత గిరాకీ ఎందుకంటే కొంకి పురుగు. చెప్పులు లేకుండా తడినేలలో నడిచేవాళ్ల పాదం చర్మంలో నుంచి దూరి, పేగుల్లో చేరి రక్తం పీల్చే పురుగు ఇది. మనిషి పాలిపోతాడు, పనికి లేవలేడు. సోమరి అని లోకం తిడుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేద రైతులు, కూలీలు ఇలాగే కుంగిపోతుంటే 1909లో రాక్‌ఫెల్లర్ సంస్థ పెద్ద ఎత్తున వైద్యం మొదలుపెట్టింది. అప్పుడు వాడిన మందు థైమాలే. రాత్రి భేదిమందు ఇచ్చి, పొద్దున థైమాల్ ఇచ్చి, మళ్లీ భేది ఉప్పు ఇచ్చేవారు. ఆ రోజు నూనె వస్తువులు, సారాయి ముట్టొద్దని గట్టిగా చెప్పేవారు. థైమాల్ నూనెలో, సారాయిలో కరిగి ఒంటికి పట్టిందంటే అదే విషం. పురుగును చంపే మోతాదుకు, మనిషిని చంపే మోతాదుకు మధ్య దూరం తక్కువ. అందుకే అంతకంటే మేలైన మందులు వచ్చినాక దాన్ని పక్కన పెట్టేశారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 'వాము తింటే కడుపులో పురుగులు పోతాయి' అని మన పెద్దోళ్లు అనే మాటలో నిజం ఉంది. కానీ నోట్లో వేసుకునే చిటికెడు వాముకు అంత బలం లేదు. అంత బలం రావాలని వాము పువ్వు మింగితే ప్రమాదం. ఏడాది నుంచి 19 ఏళ్ల లోపు పిల్లలకు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉచితంగా ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. 2015 నుంచి నులిపురుగుల దినమని దీనికి ప్రత్యేకంగా రోజు కూడా పెట్టారు. అది వేయించండి. పెద్దోళ్లు పొలానికి చెప్పులేసుకుని పొండి.

ఉగ్గాని బజ్జీలో ఉన్న తెలివి

కర్నూలులో ఉగ్గాని తిని బజ్జీ తినని మనిషి ఉండడు. మిరపకాయ చీల్చి వాము, ఉప్పు దట్టించి, శనగపిండిలో ముంచి కాలుస్తారు. శనగపిండి గాలి చేసే వస్తువు. దానికి విరుగుడు ఆ బజ్జీ కడుపులోనే పెట్టిన మనిషి ఎవరో గానీ దండం పెట్టాలి. మురుకుల్లో, నిప్పట్లలో వాము వేయడం కూడా ఇందుకే. అంటే మనం మందు అనుకోకుండానే వామును మందుగా తింటున్నాం. ఈ మోతాదులో రోజూ తిన్నా ఎవరికీ చెరుపు లేదు.

తిన్నది అరగక కడుపు ఉబ్బరించినప్పుడు అర చెంచా వాము, అంటే రెండు గ్రాములకు మించకుండా, పెనం మీద కొంచెం వెచ్చచేసి నమిలి గోరువెచ్చని నీళ్లు తాగండి. మాడ్చొద్దు, మాడితే నూనె గాల్లోకి పోయి మీకు పొట్టు మిగులుతుంది. నమలలేని ముసలోళ్లకు అదే వామును దంచి, గ్లాసు నీళ్లు మరగబెట్టి పొయ్యి మీది నుంచి దించినాక అందులో వేసి మూత పెట్టండి. పది నిమిషాలకు వడగట్టి తాగొచ్చు. చాలామంది వామును నీళ్లతో పాటే అరగంట కుతకుతా ఉడికిస్తారు. వాసన ఇల్లంతా వస్తుంది, మందు మాత్రం గ్లాసులో ఉండదు. పల్చటి మజ్జిగలో వాము పొడి కలుపుకున్నా సరే. వాముకు తోడు ఉప్పు వేయడం మనకు అలవాటు. రక్తపోటు ఉన్నోళ్లు ఆ ఉప్పు మానేయండి.

జలుబుకు వామును గుడ్డలో మూట కట్టి, వెచ్చచేసి వాసన పీల్చడం మంచి పద్ధతే. ముక్కు తెరుచుకుంటుంది, రెండు పూటలు హాయిగా ఉంటుంది. జలుబు మాత్రం దాని రోజులకే పోతుంది. పసిపిల్లల ముక్కు దగ్గర ఆ మూట పెట్టొద్దు, ఆ ఘాటు వాళ్లు తట్టుకోలేరు. ఆరు నెలల లోపు బిడ్డకు వాము నీళ్లు పట్టించడం కూడా మానుకోండి. ఆ వయసులో తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర లేదని డాక్టర్లు చెబుతున్నారు.

బాలింతకు వాము పొడి అన్నంలో పెట్టే ఆచారం మంచిదే. కానీ పథ్యం పేరుతో నీళ్లు తగ్గించడం, కూరలు మాన్పించడం తప్పు. గర్భిణీలు వంటలో వేసిన వాము తినొచ్చు గానీ మందుగా వాడొద్దు. కడుపులో పుండు ఉన్నోళ్లకు, గుండెల్లో మంట ఉన్నోళ్లకు వాము మంటను పెంచుతుంది.

'గ్యాసే లే' అనుకోవద్దు

ఇక అసలు సంగతికి వద్దాం. రాత్రి పూట ఎదలో నొప్పి వస్తుంది. 'గ్యాస్ పట్టింది' అని ఇంత వాము నమిలి, వేడినీళ్లు తాగి పడుకుంటారు. తెల్లారేసరికి మనిషి ఉండడు. ఈ మాట వినని ఊరు మన సీమలో లేదు. గుండెపోటు నొప్పి చాలాసార్లు అచ్చం అరగని కడుపు నొప్పి మాదిరే ఉంటుంది. ఎద నడుమ బండ పెట్టినట్టు బరువు, చెమటలు, ఎడమ చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, ఆయాసం ఉంటే వాము డబ్బా కోసం వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి. చక్కెర జబ్బు ఉన్నోళ్లకు, ఆడవాళ్లకు ఒక్కోసారి నొప్పే తెలియదు. కడుపులో తిప్పడం, నీరసం, చెమట, అంతే. నలభై దాటినోళ్లు, బీడీ తాగేవాళ్లు ఇది మరీ గుర్తు పెట్టుకోండి. గ్యాస్ అయితే ఆస్పత్రికి పోయినందుకు నష్టం ఆటో చార్జీ. గుండె అయితే గంట ఆలస్యానికి నష్టం ఎంతో మీరే లెక్క కట్టండి.

ఇంకొకటి. బొడ్డు చుట్టూ మొదలై, కుడివైపు పొత్తికడుపులోకి దిగి, కదిలితే ఎక్కువయ్యే నొప్పి, దాంతో పాటు వాంతి, జ్వరం ఉంటే అది అపెండిక్స్ కావొచ్చు. దానికి వామూ వద్దు, భేదిమందు అసలే వద్దు.

పత్తికి మందు కొట్టి వచ్చినాక కడుపులో మెలిపెట్టి వాంతులైనా, నోట్లో నీళ్లూరి చెమటలు పట్టినా, చూపు మసకబారినా, అది ఎండదెబ్బ కాదు, అజీర్ణమూ కాదు. మందు ఒంటికి పట్టింది. బట్టలు మార్పించి, ఒళ్లు సబ్బుతో కడిగి, ఆ మందు డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకుపోండి. డబ్బా చూస్తేనే డాక్టరుకు విరుగుడు తెలుస్తుంది.

విరేచనాలకు వాము నీళ్లు ఇస్తే ఇవ్వండి గానీ, నిలబెట్టేది ఓఆర్ఎస్ ప్యాకెట్టే. ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం సగం కాదు.

పశువులకు

పచ్చి జొన్న, పచ్చి పిల్లిపెసర ఎక్కువ మేసి కడుపు ఉబ్బిన ఎద్దుకు వాము, ఇంగువ, శొంఠి నూరి నూనెలో కలిపి పట్టడం మన ఇళ్లలో ఉన్నదే. నూనె నురగను విరగ్గొడుతుంది, వాము గాలిని కదిలిస్తుంది. కానీ పట్టే తీరులోనే పశువులు పోతున్నాయి. నాలుక బయటికి లాగి, మూతి ఆకాశానికెత్తి గొట్టంతో పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతిని కొంచెమే ఎత్తి, దవడ పక్క నుంచి కొద్దికొద్దిగా పోస్తూ మింగనీయండి. దగ్గితే ఆపండి. ఎడమ డొక్క డోలు మాదిరి బిగిసి, ఊపిరి ఆడక పశువు నిలబడలేకపోతుంటే నూనె కోసం కాదు, పశువైద్యుడి కోసం పరుగెత్తండి.

పేరు ఒకటే, మొక్క వేరు

పెరట్లో కుండీలో పెంచే దళసరి ఆకు వామాకు మన చేలో వాము కాదు. అది తులసి కుటుంబం, రోజ్‌మేరీకి దగ్గరి చుట్టం. వాసన కలిసింది గానీ మొక్క వేరు. బజ్జీలు వేసుకున్నా, ఆకు నమిలినా భయం లేదు.

భయపడాల్సింది కురాసాని వాముకు. పేరులో వాము ఉన్నా అది ఉమ్మెత్త కుటుంబపు గింజ. నోరు ఎండిపోయి, కంటిపాప పెద్దదై, మనిషి వెర్రిగా మాట్లాడే విషం అందులో ఉంది. వైద్యుడు శుద్ధి చేసి వాడే సరుకు అది, ఇంట్లో పెట్టేది కాదు. అంగట్లో పొట్లం కట్టించుకునేటప్పుడు గింజలు అరచేతిలో నలిపి చూడండి. వాము అయితే ఘాటు ముక్కుకు గుచ్చుకుంటుంది, నాలుక మీద వేస్తే చురుక్కుమని తర్వాత తిమ్మిరెక్కుతుంది. ఘాటు లేదంటే పాతదైనా అయి ఉండాలి, నూనె తీసేసిన పిప్పి అయినా అయి ఉండాలి, ఇంకోటైనా అయి ఉండాలి.

ఇంటి వాము దాచే తీరు

ఇంటికి ఉంచుకునే వామును చేలోనే వేరు చేయండి. మన పంటకు డిసెంబరు, జనవరి చలికి బూడిద తెగులు వస్తుంది, మందు కొట్టక తప్పదు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములతో పోయే తెగులుకు అంగడాయన ఇచ్చిన ప్రతి మందూ కొట్టాల్సిన పని లేదు. ఏ మందుకైనా కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డబ్బా మీద రాసి ఉంటుంది. వాము గింజకు తొక్క తీసేది లేదు, కడిగేది లేదు. మీరు కొట్టిన మందు నేరుగా మీ బిడ్డ నోట్లోకే పోతుంది. ఇంటి కోసం నాలుగు సాళ్లు మందు తగలకుండా వదిలేస్తే ఇంకా మంచిది.

గొడుగులు గోధుమరంగుకు తిరిగినాక కోసి, నీడన ఆరబెట్టి, కట్టెతో మెల్లగా కొట్టి తూర్పార పట్టండి. ఎండలో పదిరోజులు పరిస్తే నూనె ఆవిరైపోతుంది. రేకుల ఇంట్లో, యూరియా సంచిలో పోసి పెట్టొద్దు. వాము పక్క వాసనను పట్టుకుంటుంది, తన ఘాటును వదులుకుంటుంది. గాజు సీసాలో గానీ, బిగువు మూత ఉన్న స్టీలు డబ్బాలో గానీ గింజగానే ఉంచి, చల్లటి మూల పెట్టండి. పొడి చేసేది వారానికి సరిపడా చాలు. ఏడాది దాటిన వాము తాలింపుకు పనికొస్తుంది గానీ మందుకు పనికిరాదు, కొత్త పంట రాగానే సీసా మార్చేయండి.