వాకిట్లో మొదటి బడి

సిద్దిపేట చుట్టుప్రక్కల గ్రామములలో సంఘ కుటుంబములను దర్శించుటకు వెళ్ళినప్పుడు మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. "అయ్యగారూ, మా పోరణ్ణి ఏ బడిల ఎయ్యమంటరు?" వాని వయసెంత అని అడిగితే "వచ్చే నెలకు మూడు నిండుతయి" అంటారు. ఆ పోరడేమో గోడవారగా కూర్చొని అమ్మ ఫోనులోకి చూస్తూ ఉంటాడు. పేరు పెట్టి పిలిచినా తల ఎత్తడు. నర్సరీ ఫీజు కొరకు అప్పు చేయుటకైనా సిద్ధపడిన ఆ తలిదండ్రులు, ఈ రోజు ఆ బిడ్డ చేతికి ఏమివ్వాలో మాత్రము ఆలోచించలేదు. వారిని తప్పుపట్టుటకు ఇది వ్రాయడం లేదు. మేమును ఆ దారిన నడిచినవారమే.

మా పెద్దవానికి మూడేండ్లు రాకమునుపే పలక తెచ్చి దిద్దించడం మొదలుపెట్టాము. వాడు ఏడ్చేవాడు. "మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెతను అడ్డము పెట్టుకొని రెండు దెబ్బలు కూడా వేశాము. ఒకరోజు వాళ్ళమ్మకు బియ్యపు డబ్బాలో మూడు బలపములు దొరికినవి. వాడే దాచిపెట్టాడు. వాని వ్రేళ్ళకు ఇంకా బలము రాలేదని మాకెవరూ చెప్పలేదు. బలపము పట్టుకోవాలంటే బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు కలిసి పనిచేయాలి. పిండి పిసికి, తడిగుడ్డ పిండి, చిక్కుడుకాయలు తుంచి, చొక్కా గుండీలు పెట్టుకొని ఆ వ్రేళ్ళు గట్టిపడాలి. వ్రాత ఆ తరువాతి సంగతి. వానికి అక్షరములంటే ఉన్న భయము పోవుటకు రెండేండ్లు పట్టింది.

ఈ సంగతిని దాదాపు నాలుగు వందల ఏండ్ల క్రితమే ఒక సంఘ కాపరి గ్రహించాడు. ఆయన పేరు జాన్ ఆమోస్ కొమీనియస్. 1592లో, నేటి చెక్ దేశములోని మొరేవియాలో పుట్టాడు. 1622లో వచ్చిన తెగులులో భార్యను, ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్నాడు. విశ్వాసము నిమిత్తము స్వదేశము విడిచి పరాయి దేశములో బ్రతికాడు. అట్టివాడు పసిపిల్లల తల్లుల కొరకు ఒక పుస్తకము వ్రాశాడు. అది 1633లో అచ్చయింది. మొదటి ఆరేండ్లు బిడ్డకు తల్లి ఒడియే బడి అన్నది దాని సారాంశము. నీరు, మన్ను, వాన, నిప్పు అంటే ఏమిటో తెలియడం ప్రకృతి శాస్త్రమునకు మొదలు. ఇల్లు ఎక్కడ, పొలము ఎక్కడ అని తెలియడం భూగోళమునకు మొదలు. ఎక్కువ తక్కువలు తెలియడం లెక్కలకు మొదలు. ఇవన్నీ వయసు వచ్చిన తరువాత పుస్తకములో మొదలయ్యేవి కావు, తల్లి వెంట తిరుగుతూ నేర్చేవి.

ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము తెరచి చూడండి. పిల్లలకు ఎప్పుడు నేర్పాలని ఉన్నది? ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడుచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. బల్లలు వేసి గంట కొట్టే బడి అక్కడ కనబడదు. ప్రభువైన యేసు కూడా సంతవీధులలో పిల్లల ఆటలను గమనించినవాడే. వారు పెళ్ళి ఆట, చావు ఆట ఆడుకొనుటను ఆయన ఎరుగును. మత్తయి సువార్త పదకొండవ అధ్యాయములో ఆ పోలిక ఉన్నది. మన పిల్లలు బొమ్మల పెండ్లి చేసినా, ఉత్త గ్లాసులతో చాయ్ పోసి మనకు ఇచ్చినా, అది పనికిరాని ఆట అని కసురుకోకండి. లేనిదానిని మనసులో చూడటం అప్పుడే నేర్చుకుంటున్నారు.

అయితే ఏమివ్వాలి? కొనవలసినది దాదాపు ఏమీ లేదు. ఏడాది బిడ్డకు ఒకదానిలో ఒకటి పట్టే మూడు గిన్నెలు, వాటి మూతలు చాలును. ఏ మూత ఏ గిన్నెకో పదిసార్లు తప్పి పదకొండవసారి కుదిరినప్పుడు ఆ ముఖము చూడండి. గరిటెను గుడ్డ క్రింద దాచి "ఏదిరా?" అనండి. కనబడనిది కూడా ఉన్నదని వానికి తెలియడం పెద్ద పాఠమే. రెండేండ్ల పిల్లకు వాకిట్లో కూర్చొని చెంబులోనుండి గ్లాసులోకి నీళ్ళు పోయనివ్వండి. ఒలకబోస్తుంది, ఒలికినదానిని తుడుచుటకు గుడ్డ కూడా ఆమె చేతికే ఇవ్వండి. మక్కలు ఒలిచిన తరువాత మిగిలే బెండ్లు మన ప్రాంతములో కుప్పలుగా పడి ఉంటాయి. వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి గోడ కట్టమనండి, పడగొట్టమనండి. పడగొట్టడమే వారికి ఎక్కువ ఇష్టము.

మూడు నాలుగేండ్ల వారికి ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు కలిపి పోసి వేరుచేయమనండి; తరువాత వాటినే పెద్దవి చిన్నవి అని ఏరమనండి. పాతకాలపు సోల, తవ్వ, మానిక మీ అటకమీద ఉంటే దింపండి. ఇసుకలో కూర్చోబెడితే రెండు సోలలకు తవ్వ, రెండు తవ్వలకు మానిక నిండుతుందని తమంతట తామే కనిపెడతారు. భోజనవేళ "ఎంతమందిమి ఉన్నామో అన్ని పళ్ళెములు పెట్టు" అని చెప్పండి. ఒకటి నుండి వంద వరకు గడగడ చెప్పే పిల్లవాడు ఐదుగురికి ఐదు పళ్ళెములు పెట్టలేక తికమకపడటం మేము చూచాము. పాటలాగా వచ్చిన అంకెలు వేరు, లెక్క వేరు.

చెరువు మట్టితో ఎడ్లు చేయడం, జొన్న బెండుతో బండి కట్టడం, తాటికాయల చక్రాల బండి తోలడం మన తాతలకు వచ్చును. నేటి తండ్రులకు కొంత వచ్చును. పిల్లలకు చేరకముందే ఆగిపోయేటట్లున్నది.

మన జిల్లాలోని చేర్యాల కళాకారులను కూడా తలచుకోవాలి. చింతగింజల ముద్దలో రంపపుపొట్టు కలిపి వారు బొమ్మలు చేస్తారు. పొడవైన గుడ్డమీద ఒక గడి తరువాత ఒక గడిగా కథను చిత్రిస్తారు. ఆ గుడ్డను విప్పుకుంటూ పోతే కథ నడుస్తుంది. వారు చిత్రించేవి కులపురాణములు. ఆ పద్ధతిని మాత్రము మనము తీసుకోవచ్చును. పాత ధోవతి ముక్కకు రెండు చివరల రెండు కట్టెలు కట్టి, బొగ్గు, ఇటుక పొడి, పసుపు, చిక్కుడాకు పసరుతో నోవహు ఓడను, జంతువుల జతలను పిల్లలచేతనే వేయించండి. మా ఆదివారపు బడిలో ఒకసారి చేయించాము. ఒక పిల్లవాడు ఓడలోకి రెండు బర్లను ఎక్కించి, వెనుక ఒక ట్రాక్టరును కూడా వేశాడు. మేము చెరిపివేయలేదు.

ఇవన్నీ తీరిక ఉన్నవారి మాటలని కొందరు తల్లులు అనుకొనవచ్చును. మన ఊళ్ళలో ఎంతోమంది తల్లులు చాట ముందర పెట్టుకొని పొద్దుగూకేవరకు బీడీలు చుడతారు. బీడీలను గూర్చి మన అభిప్రాయమేదైనా, ఆ కూలితో అన్నము తినే ఇండ్లు మన సంఘములోనే ఉన్నవి. వారికి మేము చెప్పునది ఇదే: చేతులకు తీరిక లేకపోవచ్చును, నోటికి ఉన్నది. బిడ్డను తంబాకు దుమ్ము తగలనంత దూరములో, కంటికి కనబడేటట్లు కూర్చోబెట్టి గిన్నెలో, బెండ్లో ఇచ్చి, వాడు చేసేదానిని గూర్చి మాట్లాడుతూ ఉండండి. "ఎర్రది పైన పెట్టినవా? ఇంకోటి పెట్టు, పడ్తదేమో చూడు." ఫోను ఈ జవాబు ఇవ్వదు. రెండేండ్ల లోపు పిల్లలలో ఏడాది పసివారికి తెర అసలే వద్దని, ఏడాది దాటినవారికి కూడా కూర్చోబెట్టి చూపించడం తగదని, రెండు నుండి నాలుగేండ్లవారికి రోజుకు ఒక గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

పేదవారింటి ఆటవస్తువులతో ఏమవుతుందని అడిగేవారికి జమైకా ద్వీపములో జరిగిన ఒక పని చెప్పాలి. అక్కడ 1980లలో, తగిన తిండి లేక ఎదుగుదల తగ్గిన 129 మంది పసిపిల్లలను తీసుకొని, వారిలో కొందరి ఇండ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట చొప్పున రెండేండ్లు వెళ్ళారు. ఖాళీ డబ్బాలు, అట్టముక్కలు వంటి పారవేసే వస్తువులతో బొమ్మలు చేసి, వాటితో బిడ్డను ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లులకు చూపించారు. ఇరవై ఏండ్ల తరువాత చూస్తే, ఆ విధముగా ఆడిన పిల్లల సంపాదన, ఆడనివారికంటె 25 శాతము ఎక్కువగా ఉన్నట్లు 2014లో ప్రకటించారు. పిల్లల సంఖ్య చిన్నదే. అయినా వారానికి ఒక గంట, పాత డబ్బాలు, తల్లి నోటి మాట ఇంత దూరము వచ్చినవంటే మేము చదివి ఆశ్చర్యపోయాము. మన దేశములోను అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2న ప్రారంభమైన పథకము క్రిందివే. వాటిని కోడిగుడ్డు ఇచ్చే చోటుగానే చూస్తున్నాము. మూడేండ్లలోపు పిల్లలతో ఇంట్లో ఆడించవలసిన ఆటలను గూర్చి కేంద్ర ప్రభుత్వము 2024లో 'నవచేతన' అనే మార్గదర్శిని తెచ్చింది. దానిని గూర్చి మీ ఊరి అంగన్‌వాడీ టీచరును అడగండి.

జాగ్రత్తలు రెండు. మూడేండ్లలోపు వారికి చింతగింజలు, శనగలు, పల్లీలు, గవ్వలు, పూసలు ఇవ్వరాదు. ముక్కులోనో గొంతులోనో పోతాయి. బకెట్టెడు నీళ్ళ దగ్గర బిడ్డను ఒక్క నిమిషమైనా ఒంటరిగా విడువరాదు.

ఇక వ్రాయుటకు మాకు సిగ్గుగా ఉన్న సంగతి. మా సంఘములో ఒక పాపకు మూడేండ్లు దాటినా మాటలు రాలేదు. "వాళ్ళ నాయినకు గూడ లేటుగనే అచ్చినయి" అని అవ్వ అన్నది. మేము పాప తలమీద చేయి ఉంచి ప్రార్థించి, దేవుడు తన సమయమందు మాట ఇచ్చునని, దిగులుపడవద్దని చెప్పి వచ్చాము. ఒక సంవత్సరము గడిచింది. ఒక ఆదివారము టీచరమ్మ పిల్లలను కళ్ళు మూసుకోమని, వెనుకనుండి గిన్నె, గంట, తాళపుచెవుల గుత్తి మ్రోగిస్తూ, చప్పుడు వచ్చిన వైపు చేయి చూపమన్నది. ఆ పాప కళ్ళు తెరచి ప్రక్క పిల్లలను చూచి, వారు చూపిన తరువాత చేయి చూపుతున్నది. టీచరమ్మ గమనించి మాతో చెప్పింది. పరీక్ష చేయిస్తే రెండు చెవులకూ వినికిడి చాలా తక్కువ అని తేలింది.

ఆ సంవత్సరము పోగొట్టినది మేమే. ప్రార్థించుట తప్పు కాదు, ప్రార్థించి ఊరుకోమనుట తప్పు. గిన్నెమీద గరిటెతో కొట్టే ఆట ఆ ఇంట్లో ఏడాది వయసులోనే ఆడి ఉంటే అప్పుడే తెలిసేది. ఏడాది బిడ్డ పిలిస్తే తిరగకపోయినా, రెండేండ్లకు రెండు మాటలు కలిపి అనకపోయినా ఆలస్యము చేయకుండ వైద్యునికి చూపించండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలోని పిల్లలను సంవత్సరానికి రెండుసార్లు పరీక్షించవలసి ఉన్నది. ఆ రోజు బిడ్డను ఇంట్లో ఉంచుకోకండి.

పాప ఇప్పుడు చెవికి మిషను పెట్టుకున్నది. ఒకేసారి గలగల మాట్లాడలేదు. నీళ్ళను "నీ" అంటుంది, అవ్వను "అవ" అంటుంది. అవ్వ రోజూ సాయంత్రము రెండు గిన్నెలు ముందర పెట్టుకొని కూర్చుంటుంది.

వచ్చే నెల మొదటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మందిరము ప్రక్క వేపచెట్టు క్రింద ఇసుక పోయిస్తున్నాము. ఆరేండ్లలోపు పిల్లలున్న తల్లులు, తండ్రులు, అవ్వలు, తాతలు పిల్లలతో కూడ ఒక గంట ఉండండి. మూతలున్న పాత డబ్బాలు, మక్క బెండ్లు, ఒక పాత ధోవతి ముక్క తీసుకొనిరండి. ఫోనులు మా ఇంట్లో పెట్టవచ్చును.