ఖరీదైన మందులకు బీమా సంస్థ ముందస్తు అనుమతి ఏల?

చిక్కడపల్లిలో గాని, నారాయణగూడలో గాని మందుల షాపుకు పోయి వైద్యుని చీటీ చూపినచో జ్వరపు మాత్రలు వెంటనే లభించును. కొద్ది రూపాయలతో తీరు పని యది. ఎవరి అనుమతియు అక్కరలేదు. అదే వైద్యుడు క్యాన్సరు రోగికి ఎంతో ఖరీదైన ఇంజెక్షను వ్రాసెననుకొందము. రోగికి ఆరోగ్య బీమా ఉన్నచో ఆసుపత్రివారు ముందుగా బీమా సంస్థకు కాగితములు పంపి జవాబునకై వేచియుందురు. దీనినే ముందస్తు అనుమతి అందురు. రోగిని చూచిన వైద్యుడు నిర్ణయించిన పిమ్మట మరియొకరి పరిశీలన ఏల?

ఉమ్మడి నిధి

బీమా అనగా పలువురు కలిసి కూర్చిన ఉమ్మడి నిధి. అశోక్‌నగర్‌లో 1,000 కుటుంబములు ఏటికి 1,000 రూపాయల చొప్పున చెల్లించినవని ఊహింతము. నిధి 10 లక్షలగును. ఇద్దరు రోగులకు 4 లక్షల చొప్పున మందు కావలసివచ్చిన 8 లక్షలు పోయి 2 లక్షలు మిగులును. ఆ మందు పనిచేయని మూడవ రోగికి గూడ దానినే ఇచ్చినచో ఖర్చు 12 లక్షలగును. అప్పుడు మరుసటి ఏడు ప్రతి కుటుంబము 1,200 రూపాయలు చెల్లించవలెను. లేదా నిజముగా అవసరమైనవారికి నిధి చాలదు.

రోగి తన జేబులోనుండి ధనమీయనప్పుడు ఖరీదును గూర్చి రోగి గాని, వైద్యుడు గాని అంతగా ఆలోచింపరు. ఈ చిక్కును అర్థశాస్త్రవేత్త కెన్నెత్ ఆరో 1963లో వైద్యరంగముపై వ్రాసిన వ్యాసములో చర్చించెను. అది ఎవరి దుర్బుద్ధియు కాదు. ఏర్పాటులోనే ఉన్న లక్షణము.

మందు ఎవరికి పనిచేయును?

ధనమొక్కటే కారణము కాదు. స్తన క్యాన్సరునకు వాడు ట్రాస్టుజుమాబ్ అను మందును చూడుడు. కొందరి క్యాన్సరు కణముల ఉపరితలముపై హెచ్.ఇ.ఆర్.-2 అను ప్రోటీను అధికముగా నుండును. ఈ మందు ఆ ప్రోటీనును పట్టుకొని పనిచేయును. రోగులలో నూటికి సుమారు 15 నుండి 20 మందికి మాత్రమే అట్టి క్యాన్సరుండును. తక్కినవారికి మందు వలన మేలు కలుగదు. పైగా కొందరిలో గుండె బలహీనపడవచ్చును. కనుక కణితి ముక్కను ముందు పరీక్షించి 0, 1, 2, 3 అను మెట్లుగా గుర్తింతురు. 3 వచ్చిన మందు ఇయ్యవచ్చును. 2 వచ్చిన జన్యు పరీక్ష కూడ చేయవలెను. గుండె పరీక్షయు అవసరమే. బీమా సంస్థ వైద్యులు కాగితములలో ముఖ్యముగా వెదకునది ఈ ఫలితములనే.

మన రాష్ట్రములలో

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకములో ఈ పద్ధతిని లక్షలాది కుటుంబములు ఎరుగును. ఆసుపత్రివారు పరీక్షల ఫలితములను పంపగా, పథకపు వైద్యులు చూచి అనుమతింతురు, లేదా మరిన్ని వివరములడుగుదురు. ప్రాణాపాయ స్థితిలో ఫోనుద్వారా అనుమతి పొంది చికిత్స మొదలిడు వీలు కలదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఈ పథకపు పరిమితిని కుటుంబమునకు ఏటికి 10 లక్షల రూపాయలకు పెంచిరి.

ఆలస్యము, పాతబడిన నియమము

ఈ పద్ధతికి రెండు లోపములు గలవు. మొదటిది ఆలస్యము. కాగితము తిరుగుచున్నంత కాలము రోగము ఆగదు. దేశములోని బీమా కంపెనీలను అదుపుచేయు ప్రాధికార సంస్థ మన హైదరాబాదులోనే యున్నది. ఒకప్పుడు నారాయణగూడకు చేరువనే, బషీర్‌బాగ్‌లో ఉండి, తరువాత గచ్చిబౌలికి మారినది. నగదు చెల్లింపు లేని చికిత్సకు అనుమతి కోరినప్పుడు ఒక గంటలోగా నిర్ణయము తెలుపవలెనని ఆ సంస్థ 2024 మే 29న ఆదేశించెను. బీమా సొమ్మును నిరాకరించినచో పాలసీలోని ఏ షరతు ననుసరించియో వివరముగా తెలుపవలెననియు నిర్దేశించెను.

రెండవది, శాస్త్రము ముందుకు పోగా నియమములు వెనుకబడుట. హెచ్.ఇ.ఆర్.-2 తక్కువగా నున్నవారికి అట్టి మందులు వ్యర్థమని చాలకాలము భావించిరి. ట్రాస్టుజుమాబ్‌కు మరియొక విషౌషధమును జోడించి తయారుచేసిన మందు, వ్యాధి ఇతర భాగములకు వ్యాపించిన అట్టి రోగులలో కొందరి ఆయువును పెంచునని 2022లో ఒక పెద్ద పరిశోధన నిరూపించెను. కనుక పాత నియమమునుబట్టి నిన్న న్యాయమైన తిరస్కారము నేడు అన్యాయము కావచ్చును. నియమములను ఎప్పటికప్పుడు సవరించుట అందుకే అవసరము.

అనుమతి రానప్పుడు రోగి బంధువులు నిరాశపడనక్కరలేదు. కారణమును వ్రాతమూలముగా అడుగవలెను. పరీక్షా ఫలితమో, వైద్యుని వివరణయో లోపించినచో దానిని జతచేసి మరల పంపవలెను. అప్పటికిని న్యాయము జరుగలేదని తోచినచో బీమా సంస్థ ఫిర్యాదుల విభాగమునకును, పిమ్మట హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కును విన్నవించుకొనవచ్చును. ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకములకు ఫిర్యాదుల ఏర్పాట్లు వేరుగా నుండును.